చేసిన పనులన్నీ నావే

మాది జగిత్యాల జిల్లా కోరుట్ల దగ్గరి పల్లె. మా వాడలో బీడీల చాట లేని ఇల్లు తక్కువ. పద్దెనిమిదేళ్లు నిండగానే అమ్మ తన కంపెనీలోనే నా పేరు రాయించింది. పీఎఫ్ ఖాతా కూడా తెరిపించింది. బీడీలు చేస్తూనే బీకాం పూర్తిచేసి, ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరునయ్యాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడి మూతపడింది, మళ్లీ తెరవలేదు. జాకెట్లు కుట్టాను. ఆ తర్వాత ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర టాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుని అక్కడే పనిచేశాను.

పిల్లల చదువుల కోసం హైదరాబాద్ వచ్చి అకౌంట్స్ ఉద్యోగాలకు తిరగడం మొదలుపెట్టాక తెలిసింది, కష్టమంతా పని దొరకడంలో కాదు, చేసిన పనిని నమ్మించడంలో ఉందని.

"బీడీలు, టీచింగ్, టైలరింగ్... అసలు మీది ఏ ఫీల్డ్ మేడమ్?" అని ఒకాయన అందరి ముందూ అడిగాడు. తెలిసినవాళ్లు రెజ్యూమెలోంచి బీడీల మాట తీసెయ్యమన్నారు. డబ్బులిస్తే అకౌంటెంటుగా ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ తెచ్చిస్తానని ఒకడు ఫోన్ చేశాడు. వద్దన్నాను.

ఒకచోట ఉద్యోగం ఖాయమైంది. వెరిఫికేషన్‌లో నా పీఎఫ్ యూఏఎన్ నంబరు కొట్టి చూశారు. అందులో బీడీ కంపెనీ పేరొక్కటే ఉంది. పీఎఫ్ చట్టం మామూలుగా ఇరవై మంది, అంతకు మించి పనిచేసేచోట వర్తిస్తుంది. మా బడి చిన్నది, జీతం చేతికిచ్చేవారు. పే స్లిప్పు లేదు, రిలీవింగ్ లెటర్ లేదు. నేను టీచరునని చెప్పే కాగితం నా దగ్గర ఒక్కటే ఉంది: బ్యాంకు పాస్‌బుక్. 2021లో ప్రైవేటు టీచర్లకు తెలంగాణ ప్రభుత్వం ఇరవై ఐదు కిలోల బియ్యంతో పాటు ఇచ్చిన రెండు వేల రూపాయలు అందులో పడ్డాయి. అది చూపించాను. చెల్లదన్నారు. అన్నేళ్లూ "గ్యాప్" కింద రాసి ఉద్యోగం ఆపేశారు. ఎండాకాలం సెలవుల్లో కూడా పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పిన ఏళ్లవి. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు రెజ్యూమె మళ్లీ రాశాను. ఒక్క పని కూడా తీసెయ్యలేదు. ఎక్కడ చేశానన్నదానికి ముందు ఏం చేశానో రాశాను. బీడీల దగ్గర: తూకం వేసి ఇచ్చిన ఆకుకూ తంబాకుకూ కట్టల లెక్క అప్పజెప్పడం, ఆకు తక్కువపడితే సొంత డబ్బుతో కొని పూడ్చడం. బడిలో: లెక్కల బోధన, ఫీజుల రిజిస్టరు. కుట్టుపనిలో: గిరాకీల బాకీల పద్దు. కన్సల్టెంట్ దగ్గర: నెలనెలా జీఎస్టీఆర్-3బీ రిటర్నులు. బడి హెడ్‌మాస్టరు సారును వెతికి పట్టుకుని, నేను పనిచేసినట్టు ఉత్తరం రాయించుకున్నాను.

హార్డ్‌వేర్ సామాన్ల టోకు వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఆ రెజ్యూమె మొత్తం చదివారు. "ఆకు లెక్క ఎట్ల తేల్చేదమ్మా?" అని అడిగారు. చెప్పాను. స్టాకు, బిల్లుల పని అప్పగించారు. ఇప్పుడు నా పాత యూఏఎన్‌లోనే, బీడీ కంపెనీ కింద, కొత్త పేరొకటి చేరింది.

చిన్న బడుల్లో, దుకాణాల్లో పనిచేస్తున్న చెల్లెళ్లకు చెప్పేదొకటే. పనిలో ఉండగానే ఉత్తరం అడిగి తీసుకోండి. జీతం బ్యాంకులో వేయమనండి. మూతపడ్డాక రాసిచ్చేవాళ్లు దొరకడం కష్టం. ఏ పనినీ దాచకండి.

ఉద్యోగాలిచ్చే అయ్యలకూ అమ్మలకూ ఒక మనవి. ఇన్ని పనులు ఎందుకు మారారని అడిగే ముందు, ఆ పనుల్లో ఏం నేర్చుకున్నారని అడగండి. మేము మారింది నిలకడ లేక కాదు, మేము చేసే పనులే నిలబడక.