పెదవి దాటిన మాట

"పెదవి దాటితే పృథివి దాటుతుంది" అన్నారు మన పెద్దలు. నోరు జారకు అని హెచ్చరించడానికే ఈ సామెతను ఎక్కువగా వాడతారు. కానీ చరిత్ర చదువుకుంటున్న నాకు ఇందులో ఇంకో అర్థం కూడా కనిపిస్తుంది. ఒక మనిషి నోటి నుంచి వెలువడిన మాట ఊళ్లు దాటి, జిల్లాలు దాటి, రాజ్యాలనే కదిలించిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన కాగితాన్ని పక్కనబెట్టి తన కల గురించి చెప్పిన సంగతి మనలో చాలామందికి తెలుసు. అయితే మనం అంత దూరం పోనక్కర్లేదు. మన ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కితే అరగంటలోపు చేరే చోటే అలాంటి మాట ఒకటి పుట్టింది.

కోఠి దగ్గర జాంబాగ్‌లో వివేకవర్ధిని ఉంది. 1921 నవంబర్ 12న అక్కడి థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయారు. సభలో గోల మొదలైంది, ఎగతాళి చేశారు. ఆయన మాట సాగనివ్వలేదు. ఆ అవమానం భరించలేని కొందరు తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చొని ఆంధ్ర జనసంఘం ఏర్పాటు చేసుకున్నారు. మాడపాటి హనుమంతరావు వంటివారు ఆ సంఘాన్ని పెంచారు. అదే 1930లో ఆంధ్ర మహాసభ అయింది. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో నిజాం పాలనను ఎదిరించిన పోరాటానికి అదే వేదిక అయింది.

మిత్రులారా, ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. ఇంత చరిత్రకు కారణమైన ఆ ఉపన్యాసం పూర్తి కానేలేదు! చెప్పనిచ్చిన మాట కన్నా అడ్డుకున్న మాటే ఆ రోజు ఎక్కువ పని చేసింది.

రెండో విచిత్రం ఇంకా ఆలోచించదగ్గది. ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. తెలుగు మాటకు గౌరవం కావాలని పుట్టిన సభ అది. ఆ సభలో భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికి లేస్తే కొందరు సనాతనులు అభ్యంతరం చెప్పారు. ఆయన దళితుడు కావడమే కారణం. తొమ్మిదేళ్ల క్రితం భాషకు జరిగిన అవమానం ఇప్పుడు కులం పేరుతో జరిగింది. అయినా ఆయన మాట్లాడారు.

భాగ్యరెడ్డి వర్మ గురించి మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోవాలి. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన మాదరి భాగయ్యే ఆయన. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథలతో జనాన్ని కూడగట్టి, వాడవాడలా తిరిగి మాట్లాడారు. మన పిల్లల కోసం బడులు పెట్టారు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడిగా వెళ్లి, అసలు ఈ 'పంచమ' అన్న పేరే మాకొద్దన్నారు. మేము ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని చాటారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాష్ట్రంలో 'ఆది హిందువులు' అన్న పేరు ఎక్కింది. వేదిక మీద పలికిన మాట సర్కారు కాగితం మీదికి వచ్చిందన్నమాట! నా దృష్టిలో స్వాతంత్ర్యం అంటే మొదట ఇదే. మనల్ని ఏ పేరుతో పిలవాలో మనమే చెప్పగలగడం.

మాట బలం పాలకులకు మనకన్నా బాగా తెలుసు. అందుకే 1929లో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 తెచ్చింది. ముందుగా అనుమతి లేనిదే సభ పెట్టకూడదని దాని సారాంశం. ఫిరంగులు, పోలీసులు, ఖజానా అన్నీ ఉన్న రాజు నలుగురు కూడి మాట్లాడుకోవడానికి భయపడ్డాడు.

ఇక మా ఇంటి సంగతి. మాది పాత నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా ముత్తాత దొర గడీకి వెట్టి చేసినవాడు. "బాంచన్, కాల్మొక్త" అనడం తప్ప ఆయనకు వేరే మాట నేర్పలేదు ఈ లోకం. 'సంఘపోళ్లు' మా వాడకు వచ్చిన సంగతి మా తాత తన తండ్రి దగ్గర విని నాకు ఇలా చెప్పేవాడు.

"మైకు లేదు, కుర్చీ లేదు బిడ్డా. వచ్చినాయన యాపచెట్టు కింద మాతోటే కూసున్నడట. 'ఏడాదికి గడీకి ఎన్ని జతల చెప్పులు కుట్టిస్తవు? ఎన్ని పైసలిచ్చిండ్రు?' అని మా నాయిన్ను అడిగిండట. నాయిన ఏళ్లు మడిచి లెక్కవెట్టిండు. జతలు లెక్కకొచ్చినయి, పైసలు రాలే. గంతే ఉపన్యాసం."

మర్నాడు మా ముత్తాత గడీకి పోలేదు. దెబ్బలు తిన్నాడు. అయినా ఆ తర్వాత వాడలో ఇంకొందరు పోవడం మానేశారు. ఈ కథ విన్నప్పటి నుంచి నాకు ఒక విషయం అర్థమైంది. గొప్ప ఉపన్యాసకుడు మనకు తెలియని స్వర్గాన్ని చూపించడు. మనకు తెలిసి కూడా మనం పైకి అనలేని మాటను మన భాషలో మన ముందు పెడతాడు. రేపు పొద్దున మనం చేయగలిగిన పని ఒకటి అప్పగిస్తాడు. 1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైనప్పుడు సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. మాట విన్న కూలివాడు చేరడానికి తలుపు కూడా తెరవాలి కదా!

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఇదే నగరంలో ఖాసిం రజ్వీ కూడా గొప్ప వక్తే. ఢిల్లీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని ఆవేశంగా మాట్లాడి వేలమంది యువకులను రజాకార్లుగా మార్చాడు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆయన ఇంటికి వెళ్తుంటే దుండగులు కాల్చి, రాసిన చేతిని నరికారు. ఒక వక్త మా ముత్తాతను ప్రశ్న అడిగి లెక్క వేయించాడు. ఇంకో వక్త లెక్క అడిగినవాడి చెయ్యి పోయేంత ద్వేషం నింపాడు. చప్పట్లు కొట్టే ముందు ఈ తేడా మనం చూసుకోవాలి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ ఇదే హెచ్చరించారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ నియంతృత్వానికీ దారి తీస్తుందన్నారు. ఆయనను దేవుడిలా కొలిచే మనం ఆ మాటను మరింతగా గుర్తుంచుకోవాలి.

మన హాస్టల్ నుంచి కాస్త నడిస్తే అమీర్‌పేట. అక్కడ మాట్లాడటం నేర్పే బోర్డులు గోడ గోడకూ ఉంటాయి. ఇంగ్లీషు నేర్చుకోవాలి, నేనూ నేర్చుకున్నాను, దానివల్ల లాభమే జరిగింది. కానీ ఒక కోచింగ్ సెంటర్‌లో నన్ను నేను పరిచయం చేసుకుంటుంటే, "ముందు మీ ఊరి యాస వదలాలి" అని అందరి ముందు అన్నారు, క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్త కాదనిపించింది. 1921లో వివేకవర్ధినిలో వినిపించిన నవ్వే అది. ఆ వారమే పీజీ సెమినార్‌లో వెట్టిచాకిరీ మీద నా పేపర్‌ను మా యాసలోనే, మా తాత మాటలతోనే చదివాను. ఎవరూ నవ్వలేదు. చివర్లో ఇద్దరు మిత్రులు లేచి తమ ఊళ్లో గడీ సంగతులు చెప్పారు.

తమ్ముళ్లారా, మన హాస్టల్‌లో శనివారం సభ పెట్టుకుంటాం కదా. ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడుతున్నాం. కొత్తగా వచ్చిన ఇంటర్ పిల్లలు వెనక గోడకు ఆనుకొని కూర్చుంటారు. వాళ్లలో ఎవరి దగ్గర ఏ ఊరి లెక్క ఉందో మనకు తెలియదు. వచ్చే శనివారం వాళ్లను ముందుకు పిలవండి. తడబడితే ఆగండి, యాస వస్తే రానివ్వండి, నవ్వకండి. వాళ్ల మాట పూర్తి కానివ్వండి.

— ఎం.ఏ. (చరిత్ర), ద్వితీయ సంవత్సరం