ఆవ అంటే ఆవకాయ కాదండోయ్! కొండకర్లలో ఒక చలి పొద్దు

అనకాపల్లి అనగానే ఎవరికైనా ముందు నోట్లో నీళ్లూరేది బెల్లానికి. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడుంది మరి. కాస్త చరిత్ర ఇష్టమున్నవాళ్లు శంకరంలోని బొజ్జన్నకొండ పేరు చెబుతారు. భక్తులు నూకాంబిక అమ్మవారి పేరు చెబుతారు. కానీ ఊరికి ఓ పదిహేను కిలోమీటర్లు అటూ ఇటుగా, చుట్టూ కొండల మధ్య ఒక పెద్ద చిత్తడి నేల ఉందని, చలికాలంలో అక్కడికి వేల కిలోమీటర్ల నుంచి చుట్టాలొస్తాయని చెబితే మాత్రం మా ఫ్రెండ్స్‌లో సగం మంది "ఎక్కడ బ్రో?" అనే అడిగారు.

దాని పేరు కొండకర్ల ఆవ. పేరు వినగానే ఆవకాయ, ఆవపిండి గుర్తొచ్చాయా? ఇది ఆ ఆవ కాదు. కోస్తాలో నీరు నిలిచే పల్లపు నేలను ఆవ అంటారు. రాజమహేంద్రవరం వైపు కూడా 'ఆవ భూములు' అనే మాట వినిపిస్తుంది. అంటే పూర్తిగా చెరువూ కాదు, పూర్తిగా నేలా కాదు. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు తగ్గుతుంది. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో రెండో పెద్ద మంచినీటి సరస్సుగా దీన్ని చెబుతారు. అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక, కొత్త జిల్లాకు ఇదో సొంత ఆస్తి అయింది.

డిసెంబర్ చివర్లో ఒక తెల్లవారుజామున బైక్ మీద బయలుదేరాం, నేనూ మా తమ్ముడూ. మునగపాక రోడ్డు పట్టుకున్నామో లేదో రెండు పక్కలా చెరకు తోటలు. పొగమంచులో చెరకు వెన్నులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎక్కడో గానుగ దగ్గర పాకం మరుగుతోంది. ఆ వాసన చలిగాలిలో ఎంత దూరమైనా వస్తుంది. వేడివేడి బెల్లం పాకం వాసనకు మా తమ్ముడు బైక్ ఆపేయమన్నాడు. "పిట్టలు లేచేసరికి మనం అక్కడుండాలి, వచ్చేటప్పుడు తిందాం" అని బతిమాలి తీసుకెళ్లాను.

గట్టు మీద మొదటి అరగంట

ఆవ దగ్గరకు చేరగానే పడవ ఎక్కేయకండి. ముందు గట్టు మీద నడవండి. మేం అదే చేశాం. సూర్యుడింకా కొండ వెనకే ఉన్నాడు. నీళ్ల మీద మంచు పాలపొంగులా లేస్తోంది. గడ్డి పరకల మధ్య సాలెగూళ్లన్నీ మంచుబిందువులతో తడిసి, ఎవరో ముత్యాలు గుచ్చి ఆరేసినట్టున్నాయి. అదే గడ్డిలో రెక్కలు తడిసిన తూనీగలు కదల్లేక ఎండ కోసం చూస్తున్నాయి. ఫోన్ పట్టుకుని వాటికి ఎంత దగ్గరగా వెళ్లినా ఎగరవు. క్లోజప్ ఫొటోలకు ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

కాలి దగ్గర సర్రుమని ఏదో నీళ్లలోకి జారింది. మా తమ్ముడు నా భుజం మీదకెక్కినంత పని చేశాడు. నీరుకట్టు పాము! దానికి విషం లేదు, కప్పలూ చేపలూ దాని తిండి. అలాగని చేత్తో పట్టుకోబోకండి, కోపమొస్తే గట్టిగానే కరుస్తుంది.

తర్వాత చప్పుళ్లు మొదలయ్యాయి. ముందు జమ్ములోంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక కూత. దానికి ఇంకో మూల నుంచి జవాబు. ఆ తర్వాత నీళ్ల మధ్య నుంచి సన్నటి ఈల. ఈల వేసేవి చిన్న గోధుమరంగు బాతులు. ఎగిరేటప్పుడు ఈల వేస్తాయి కాబట్టి వాటిని ఈల బాతులు అనేస్తారు. ఇవి వలస వచ్చినవి కావు, ఇక్కడివే.

రెండు తాటి చెట్లు, ఒక గెడ

ఆవలో తిరగాలంటే తాటి దోనె ఎక్కాలి. రెండు తాటి మొద్దులను తొలిచి, పక్కపక్కన కట్టేస్తారు. మోటారు లేదు, తెడ్డు లేదు. వెనక నిలబడ్డ మనిషి పొడవాటి గెడను అడుగున గుచ్చి నెడతాడు. నీళ్లు లోతు తక్కువ, మొక్కలు ఎక్కువ ఉన్నచోట ఇంతకన్నా తెలివైన బండి ఉండదు. ఇక్కడి మత్స్యకారులు చేపల వేటకూ, సందర్శకులను తిప్పడానికీ వీటినే వాడతారు.

మా దోనె నడిపినాయనకు అరవై దాటి ఉంటాయి. నేను ఫొటో కోసం లేవబోతే వెనక నుంచి గొంతు వినిపించింది. "కూకో బాబూ, నిలబడితే ఒరిగిపోద్ది. సల్లీళ్లలో తానం సెయ్యాలనుందేటి?"

దోనె తామరాకులను పక్కకు తోసుకుంటూ లోపలికి వెళ్లింది. అప్పుడు కనిపించింది, ఆకు మీద నడిచే పిట్ట. దాన్ని జకానా అంటారు. కాలివేళ్లు ఒంటితో పోలిస్తే ఎంత పొడవంటే, బరువంతా ఆకు మీద పరుచుకుంటుంది, ఆకు మునగదు. ఇందులో నెమలి లాంటి పొడవు తోక ఉండే రకం ఒకటుంది. పుస్తకంలో బొమ్మ చూసి వచ్చినవాళ్లు చలికాలంలో గుర్తుపట్టలేరు. ఎందుకంటే ఆ తోక వానాకాలంలో, గుడ్లు పెట్టే రోజుల్లోనే ఉంటుంది. ఇంకో విశేషం. గుడ్లు పెట్టి ఆడపిట్ట వెళ్లిపోతుంది. పొదగడం, పిల్లల్ని చూసుకోవడం మగపిట్ట డ్యూటీ. ఈ సంగతి చెబితే పెద్దాయన నవ్వి, "మా ఇంటికాడ ఈ ముక్క సెప్పకు బాబూ" అన్నాడు.

కొంచెం ముందుకు వెళ్తే ఊదా రంగు కోడి. ముక్కూ నుదురూ ఎర్రగా, ఒళ్లంతా నీలం, ఊదా కలిసిన మెరుపు. మొక్క కాడను పీకి, ఒక కాలితో పట్టుకుని, చిలక జామకాయ తిన్నట్టు తింటోంది. దాని పక్కనే చిన్న నీటికాకి ఒక కర్ర మీద రెక్కలు చాపుకుని నిలబడింది. నీటికాకుల ఈకలు బాతుల ఈకల్లా నీళ్లను పూర్తిగా జార్చేయవు, తడుస్తాయి. అందుకే మునిగి చేపలు పట్టడం వాటికి తేలిక. ఆ తర్వాత ఇలా ఆరేసుకోక తప్పదు.

ముక్కు మధ్యలో సందున్న కొంగలు కూడా చాలానే ఉన్నాయి. రెండు దవడలూ కలిసినా మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. పుట్టుకతో వచ్చేది కాదది, పిల్ల కొంగలకు ఉండదు, వయసుతో పాటు ఏర్పడుతుంది. నత్త కనిపిస్తే ముక్కు కొనను గుల్లలోకి దూర్చి, మెత్తటి భాగాన్ని కోసి లాగేస్తుంది. గుల్ల పగలగొట్టే పనే లేదు.

చుట్టాలు ఎక్కణ్నుంచి?

దోనె ఒక మలుపు తిరగ్గానే పెద్దాయన గెడ ఆపి, వేలితో చూపించాడు. నూటికి పైగా బాతులు. చాక్లెట్ రంగు తల, మెడ పక్కన తెల్ల గీత, సూది లాంటి తోక. సూదితోక బాతులు! ఉత్తర ఆసియాలో గుడ్లు పెట్టి, అక్కడ మంచు ముంచెత్తే ముందే దక్షిణానికి బయలుదేరతాయి. సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం దాకా ఉన్న ఈ ఆకాశ దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఒక్కో పిట్టకు ఈ దారిలో ఆగడానికి, తినడానికి, నిద్రపోవడానికి చిత్తడి నేలలు కావాలి. మన హైవే మీద ఢాబాలు ఎలాగో వాటికి ఇవి అలాగ. ఒక ఢాబా మూతపడితే మనం ఇంకో పది కిలోమీటర్లు వెళ్తాం. పిట్టకు ఒంట్లో ఉన్న కొవ్వే పెట్రోలు, అది అయిపోతే అంతే.

మేం చూస్తుండగానే జమ్ము మీదుగా ఒక పెద్ద గద్ద నెమ్మదిగా, నీటికి దగ్గరగా ఎగురుకుంటూ వచ్చింది. ఒక్కసారిగా నూరు బాతులూ లేచాయి. ఆ రెక్కల చప్పుడు వానొచ్చినట్టు వినిపించింది. మా తమ్ముడు ఫోన్ పట్టుకుని కూడా వీడియో ఆన్ చేయడం మర్చిపోయి నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ గద్ద కూడా చలికాలపు చుట్టమే. బాతుల వెనకాలే వస్తుంది.

"సలికాలం వొస్తాయి, ఎండలు ముదిరితే ఎల్లిపోతాయి. మా అయ్య కాలంలో ఇయి లేస్తే పొద్దు కనపడీది కాదు" అన్నాడు పెద్దాయన.

ఊదా పూల వెనక కథ

తిరిగి వచ్చేటప్పుడు ఆవలో ఒక వైపంతా ఊదా పూల తివాచీ. కనుచూపు మేర పచ్చటి ఆకులు, వాటి మీద లేత ఊదా గుత్తులు, వెనక నీలం కొండ. రీల్‌కు ఇంతకన్నా బ్యాక్‌గ్రౌండ్ దొరకదు. "వావ్, ఎంత అందం!" అన్నాడు మా వాడు.

పెద్దాయన ముఖం చిట్లించాడు. "ఇది అందవేటి బాబూ! గుర్రపు డెక్క. ఇది పరుసుకుందంటే దోనె నడవదు, వల పడదు."

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. గుర్రపు డెక్క మన మొక్క కాదు. దక్షిణ అమెరికా నుంచి, పూల అందం కోసం తెచ్చుకున్న మొక్క. 19వ శతాబ్దం చివర్లో మన దేశంలోకి వచ్చింది. ఇప్పుడు దేశంలో అది లేని చెరువు వెతకాల్సిందే. తల్లి మొక్క పక్కనే పిల్ల మొక్కలు వేసుకుంటూ రోజుల్లోనే నీటిని కప్పేస్తుంది. కింద వెలుతురు పడదు. నీటి అడుగున పెరిగే మొక్కలు చచ్చిపోతాయి, అవి కుళ్లుతుంటే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు తగ్గుతాయి. బాతులు దిగాలంటే తెరిచి ఉన్న నీళ్లు కావాలి. పైనుంచి చూసే బాతుకు ఈ తివాచీ నీరులా కనిపించదు, పొలంలా కనిపిస్తుంది. మెల్లగా మట్టి, కుళ్లిన ఆకు అడుగున చేరి ఆవ నిజంగానే పొలమైపోయే దారి పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. జకానాలూ ఊదా కోళ్లూ ఇదే డెక్క మీద తిరుగుతాయి. మిషన్లు పెట్టి ఒక్కసారిగా మొత్తం లాగేస్తే వాటి నీడ పోతుంది. కొంచెం కొంచెంగా, పిట్టలు గుడ్లు పెట్టని కాలం చూసి, కలువకూ తామరకూ చోటు మిగిల్చి తీయాలి. ఏ మూల లోతు ఎంతో, ఏ పొదలో ఏ పిట్ట ఉంటుందో గెడ పట్టినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పని మొదలుపెట్టేముందు వాళ్లను అడగాలి.

ఆవ ఉంటే లాభం పిట్టలకే అనుకోకండి. వాన ముంచెత్తినప్పుడు నీటిని స్పాంజిలా పట్టుకుంటుంది, తర్వాత నేలలోకి వదులుతుంది. చుట్టూ ఉన్న బావుల్లో నీరుండటానికీ, ఆ నీటితో పైరు నిలబడటానికీ ఇలాంటి పల్లం కావాలి. ఇష్టంగా తినే బెల్లానికీ ఇక్కడి నీటికీ చుట్టరికం ఉందన్నమాట.

కొల్లేరు సంగతి మనకు తెలుసు. 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ రాంసర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువులు దాన్ని ఎంత మింగేశాయంటే 2006లో గట్లు పేల్చి తొలగించాల్సి వచ్చింది. ఇంకో వైపు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చూడండి. ఊరి చెట్ల మీదే పెలికాన్లు, రంగు కొంగలు గూళ్లు కడతాయి, అవి వస్తేనే ఊరికి మంచిదని జనం నమ్మి కాపాడుకుంటున్నారు. పెద్ద బోర్డున్న సరస్సు దెబ్బతింది, చిన్న ఊరు నిలబెట్టుకుంది. కొండకర్లకు ఏ దారి అనేది ఇంకా తేలలేదు.

వెళ్లాలనుకుంటే

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. పొద్దున ఆరింటికల్లా గట్టు మీద ఉండండి, తొమ్మిది దాటితే పిట్టలు దూరంగా జరిగిపోతాయి. హౌరా-చెన్నై లైన్‌లో అనకాపల్లి స్టేషన్ ఉంది, విశాఖ నుంచి రోడ్డు మీదైతే సుమారు గంటన్నర. ముదురు రంగు బట్టలు వేసుకోండి. దోనె ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడగండి, ఎక్కాక కూర్చోండి. డ్రోన్ వద్దు, బాతులకు గద్దకూ డ్రోన్‌కూ తేడా తెలియదు. స్పీకర్ పాటలు వద్దు. చిప్స్ ప్యాకెట్ జేబులోనే తిరిగి తెచ్చుకోండి.

ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉంటే కూత విని పిట్ట పేరు చెబుతుంది. ఈబర్డ్‌లో మీరు చూసిన లిస్టు పెట్టొచ్చు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతోంది, అందులో పాల్గొనేది ఎక్కువగా మనలాంటి మామూలు జనమే. మేమిద్దరం ఆ రోజు చూసినవి ఇరవై మూడు రకాలు. తేదీ, టైం వేసి, గుర్రపు డెక్క ఎక్కడిదాకా ఉందో ఒక ఫొటో తీసి పెట్టుకున్నాం. వచ్చే డిసెంబర్‌లో అదే చోట నిలబడి ఇంకో ఫొటో తీస్తాం. మీరు కూడా ఒకటి తీసి పెట్టుకోండి. రెండేళ్ల ఫొటోలు పక్కపక్కన పెడితే నీళ్లు పెరిగాయో, పూలు పెరిగాయో ఎవరూ చెప్పక్కర్లేదు.