కారుకు రెక్క మొలిస్తే

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగినప్పుడు మా అబ్బాయితో కలిసి నేనూ వెళ్ళాను. కరెంటు బళ్ళు గనుక చెవులు చిల్లులు పడే మోత లేదు. సన్నటి ఈల ఒకటి దూసుకొచ్చి దాటిపోతుంది, అంతే. నాకు ఆ ఈలే గుర్తుండిపోయింది. వాడి చూపు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఆ బళ్ళ ముందూ వెనకా అమర్చిన రెక్కలమీదే నిలిచింది. ఇంటికి తిరిగివస్తూ లక్డీకాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బయటపెట్టాడు.

"నాన్నా, మన స్విఫ్ట్‌కి కూడా వెనక ఒక రెక్క పెట్టిద్దాం. బండికి పట్టు పెరుగుతుంది, మైలేజీ కూడా వస్తుందట."

వద్దనబోయి ఊరుకున్నాను. 1999లో ఇదే కోరిక నేను కోరితే మా నాన్నగారు వద్దనలేదు మరి.

అప్పట్లో నాన్నగారిది విజయవాడలో బడిపుస్తకాల వ్యాపారం. చేతులు మారి వచ్చిన మారుతి ఎస్టీమ్ ఒకటి ఉండేది మాకు. జూన్ వస్తోందంటే దాని నెత్తిన ఇనుప క్యారియరు ఎక్కేది. పుస్తకాల కట్టలు పేర్చి, టార్పాలిన్ కప్పి, తాళ్ళతో బిగించి హైదరాబాదుకు బయలుదేరేవారు. సీజను అయిపోగానే క్యారియరు దిగి మేడమీద గదిలోకి పోయేది. నాకు అప్పుడప్పుడే ఉద్యోగం వచ్చింది. రెండో నెల జీతం అందగానే బండిని ఆటోనగర్‌కు తీసుకుపోయి డిక్కీమీద ఫైబర్ స్పాయిలర్ ఒకటి బిగింపించాను. మూతకు నాలుగు చిల్లులు పొడిచి, మరలు తిప్పి, మేస్త్రీ చేతులు దులుపుకుంటూ "ఇంక బండి రోడ్డుకి అతుక్కుపోద్ది బాబూ" అన్నాడు. నాన్నగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి "బాగుందిరా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

మరుసటి నెలలో ఇద్దరం హైదరాబాదునుంచి తిరిగివస్తున్నాం. సూర్యాపేట దాటాక వాన పట్టుకుంది. నేను నడుపుతున్నాను. అప్పటికి ఆ రోడ్డు ఇంకా నాలుగు వరసలు కాలేదు, తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ముల్లు 110 దగ్గరుంది. నాన్నగారు "కాస్త నెమ్మదిరా" అంటే, "ఏం కాదు నాన్నా, వెనక స్పాయిలర్ ఉంది" అన్నాను. ఈ వాక్యాన్ని ఇన్నేళ్ళుగా ఎవరిముందూ పలకలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కొద్ది నిమిషాలకే రోడ్డుమీద నీళ్ళు నిలిచిన చోట స్టీరింగు చేతిలో దూదిలా తేలికైపోయింది. బండి రోడ్డు దిగి తుమ్మచెట్ల మధ్య ఆగింది. నాకు దెబ్బలు తగల్లేదు. నాన్నగారి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి.

కనుక ఈ ప్రశ్న నాకు కేవలం సాంకేతికమైనది కాదు. అయినా ముందు సాంకేతికంగానే చూద్దాం.

గాలి అడ్డు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. మామూలు కారుకు ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర గాలిని తోయడానికి ఒకటిన్నర హార్స్‌పవర్ చాలు. 100 దగ్గర 12 కావాలి. వేగం రెట్టింపు, ఖర్చు ఎనిమిది రెట్లు. మనుషులతో కలిపి వెయ్యికిలోల బండికి టైర్ల దొర్లుడు వల్ల కలిగే అడ్డూ, గాలి అడ్డూ సుమారు 60 దగ్గర సమానమవుతాయి. అంటే అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో తిరిగే బండికి గాలితో పెద్ద పేచీ లేదు. దాని పేచీ సిగ్నళ్ళతో, బ్రేకుతో, టైర్లలో తగ్గిన గాలితో.

ఇక రెక్క. పందెపు బండి రెక్క, విమానం రెక్క తిరగేసినది. విమానాన్ని లేపేదే ఇక్కడ బండిని కిందికి అదుముతుంది. బరువు పెంచకుండానే టైరును నేలకు నొక్కుతుంది గనుక మలుపులో జారకుండా వేగంగా తిరగవచ్చు. అయితే ఈ అదుముడు ఊరికే రాదు. దానికి మూల్యంగా గాలి అడ్డు పెరుగుతుంది. ఈ సంగతి కనిపెట్టినవాళ్ళకే మొదట తెలుసు. 1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ 2ఈ బండికి ఎత్తైన స్తంభాలమీద రెక్క నిలబెట్టాడు. తిన్నని దారిలో ఆ రెక్కను చదును చేసేందుకు డ్రైవరు ఎడమ కాలి కింద ఒక పెడల్ పెట్టాడు. మలుపులో కావాలి, తిన్నగా పోయేటప్పుడు అక్కర్లేదు. ఫార్ములా-వన్‌లో 2011లో వచ్చిన డీఆర్ఎస్ చేసిన పని కూడా ఇదే. రెక్క బండిని వేగవంతం చేస్తుందని మనవాళ్ళు అనుకుంటారు. నిజానికి తిన్నని దారిలో దాన్ని ఎలా తప్పించుకోవాలా అని పందెగాళ్ళు అరవై ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు!

అది విరిగితే జరిగేదేమిటో కూడా వాళ్ళకే తెలుసు. 1969లో బార్సిలోనాలోని మోంజుయిక్‌లో జరిగిన పందెంలో గ్రాహమ్ హిల్, యోహెన్ రింట్ నడుపుతున్న రెండు లోటస్ బళ్ళ రెక్కలూ కూలిపోయాయి. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు, రింట్ గాయపడ్డాడు. ఆ తరువాతి మొనాకో పందెంలో ఎత్తు రెక్కలను నిషేధించారు.

మరి నా ఎస్టీమ్ స్పాయిలర్ ఎంత అదిమి ఉంటుంది? దానికి ఉదారంగానే మార్కులు వేసి లెక్కగట్టాను. గంటకు 80 దగ్గర సుమారు 3 కిలోలు. డిక్కీలో ఒక పుచ్చకాయ పెట్టుకున్నా అంతే. 160 దగ్గర 12 కిలోలు, అంటే నాలుగు పుచ్చకాయలు. ఆ బండి 160 అందుకోవడానికి పడే అవస్థ వేరే కథ. పైగా అది ముందు చక్రాలతో నడిచే బండి. లాగేదీ, తిరిగేదీ, బ్రేకులో ఎక్కువ భారం మోసేదీ ముందు టైర్లే. వెనక కొసన ఎంత అదిమితే ముందు టైర్లమీద భారం అంత తగ్గుతుంది, రోకలి ఒక కొస నొక్కితే రెండో కొస లేచినట్టు. వెనక చక్రాలతో నడిచే పందెపు బండి చూసి ముందు చక్రాల బండికి వెనక రెక్క అతికించడం, ఎవరికో రాసిన మందు మనం మింగడమే.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఆ రోజు మేము రోడ్డు దిగింది స్పాయిలర్ వల్ల కాదు. 110 దగ్గర 6 కిలోలు కూడా చెయ్యని ఆ ఫైబర్ ముక్కకు మంచి చేసే శక్తీ లేదు, చెడు చేసే శక్తీ లేదు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీళ్ళు చేరాయి, ముందు చక్రాలు తేలాయి. అంత వేగంలో అక్కడికి బండిని తీసుకుపోయింది స్పాయిలర్ ఉందన్న నా ధీమా.

అలాగని ఇవన్నీ ఉత్త అలంకారాలని కొట్టిపారేయలేం. ఆడి టీటీ అనే కారు 1998లో వచ్చింది, చూడటానికి నున్నటి గులకరాయిలా. జర్మనీ ఆటోబాన్ల మీద పెద్ద వేగాల్లో దాని వెనక భాగం తేలిపోయి ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. కంపెనీ బళ్ళను వెనక్కి పిలిపించి, సస్పెన్షన్ సవరించి, ఎలక్ట్రానిక్ అదుపు చేర్చి, డిక్కీమీద చిన్న స్పాయిలర్ ఒకటి పెట్టింది. పెద్ద రెక్కేమీ కాదు, మూతమీద చిన్న అంచు. అక్కడ అది నిజంగా అవసరమైంది. తేడా ఎక్కడుందంటే, ఆ అంచు ఎక్కడ ఉండాలో ఎంత ఉండాలో గాలి సొరంగంలో కొలిచి పెట్టారు. నా స్పాయిలర్‌ను మేస్త్రీ జానతో కొలిచి పెట్టాడు.

స్విఫ్ట్ లాంటి బళ్ళ వెనక అద్దం చూడండి. ముందు అద్దం కంటే ముందే మట్టి పట్టేస్తుంది. పిల్లలు వేలితో పేర్లు రాసేది దానిమీదే. అందుకే డిక్కీలేని బళ్ళకు వెనక కూడా వైపరు ఉంటుంది. కప్పు అంచుదాకా వచ్చిన గాలి ఒక్కసారిగా తెగిపోయి, బండి వెనక సుడి తిరుగుతూ చక్రాలు లేపిన దుమ్మును తెచ్చి అద్దానికి పులుముతుంది. ఆ సుడి బండిని వెనక్కి లాగుతూ ఉంటుంది. గాలి అడ్డులో పెద్ద వాటా దానిదే. కప్పు చివర కంపెనీవాళ్ళు పెట్టే చిన్న అంచు ఆ తెగడం ఒక పద్ధతిలో జరిగేలా చూస్తుంది, లాగుడు కొద్దిగా తగ్గిస్తుంది. బజారులో దొరికే రెక్క ఆ సుడి మధ్యలోకి వెళ్ళి కూర్చుంటే దానికి పట్టుకోవడానికి సరైన గాలే దొరకదు.

ఇదంతా మా వాడికి చెప్పాను. మూడో ఏడు ఇంజనీరింగ్ చదువుతున్నవాడు నా మాట ఎందుకు వింటాడు? "లెక్కలు సరే నాన్నా, కొలతలేవి?" అన్నాడు. ముచ్చటేసింది, కొంచెం కోపమూ వచ్చింది.

కొలతలు ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. మా నాన్నగారు పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, ధర ఒక అట్ట పుస్తకంలో రాసేవారు. సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు అడిగాను. బీరువా తెరిచి అడుగు అరలోంచి తీసి ఇచ్చారు. తాతామనవళ్ళు ఇద్దరూ కూర్చుని రెండు రోజులు అంకెలన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. స్పాయిలర్ పెట్టకముందు ఆరు నెలలు, పెట్టిన తరువాత ఆరు నెలలు పోల్చితే లీటరుకు 14కు అటూ ఇటూ. వెతికినా తేడా లేదు. క్యారియరు ఎక్కిన నెలల్లో మాత్రం 12కు పడిపోయింది. "అది పుస్తకాల బరువు కదా తాతయ్యా" అన్నాడు మా వాడు. నాన్నగారు వేలుపెట్టి చూపించారు. తిరుగు ప్రయాణాలు, ఖాళీ క్యారియరు. అప్పుడూ 13 దాటలేదు. పక్కన పెన్సిలుతో చిన్న గీత కూడా ఉంది. గాలి సంగతి మా ఇంట్లో మొదట కనిపెట్టినది ఆయనే. నేను ముచ్చటపడి తగిలించిన వస్తువు ఏమీ చెయ్యలేదు. ఎవరూ గాలితో ముడిపెట్టి ఆలోచించని ఇనుప చట్రం మాత్రం ఏటా పెట్రోలు తాగుతూ వచ్చింది.

ఆ ప్రమాదం రోజు పేజీ వెతికాను. "సూర్యాపేట తరువాత వాన. అబ్బాయి నడిపాడు." అని ఉంది. కింద ఖర్చుల వరసలో కుట్లకు అయిన డబ్బు. అంతే.

తరువాత పేజీలు తిప్పుతుంటే ఒక పద్దు మాటిమాటికీ కనబడింది. 2000 జూన్, డిక్కీకి ఎంసీల్. 2001 జూన్, ఎంసీల్. 2002, 2003. బండి అమ్మేసిన 2006 దాకా ప్రతి వానాకాలం ముందూ అదే పద్దు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ నాలుగు చిల్లుల్లోంచి నీళ్ళు కారి డిక్కీలో పుస్తకాలు తడుస్తుంటే, ఆయన ఏటా కూర్చుని మరల చుట్టూ ఎంసీల్ పూసుకున్నారు. చివరి పేజీలో "తుప్పు వల్ల తగ్గింపు" అని మరో పద్దు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే పీకేసేవాడివి. పీకేస్తే చిల్లులు పోతాయా?" అన్నారు నాన్నగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

మా వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అనలేదు.

హైదరాబాదు వచ్చాక వాడే ఒక ఉపాయం చెప్పాడు. వాళ్ళమ్మ ఊలు ఉండలోంచి బెత్తెడు పోగులు కత్తిరించి, వెనక అద్దానికి బయటివైపు వరసలుగా టేపుతో అతికించాం. విమానాలను పరీక్షించేవాళ్ళు ఎప్పటినుంచో చేసే పనే ఇది. ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగురోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డుమీద నేను 60 దగ్గర నిలకడగా నడుపుతుంటే, వాడు వెనక సీటులో వెనక్కి తిరిగి కూర్చుని ఫోనుతో చిత్రీకరించాడు. పోగులు బుద్ధిగా కిందికి వాలి ఉంటాయని ఆశపడ్డాడు పాపం. ఒక్కటీ మాట వినలేదు. కొన్ని గిరగిరా తిరిగాయి, కొన్ని ఏకంగా పైకి, కప్పువైపుకు లేచాయి. "ఇక్కడ గాలి ముందుకు పోతోంది నాన్నా!" అని అరిచాడు. రెక్క పెట్టాలనుకున్నది సరిగ్గా అక్కడే.

అన్నట్టు, కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ మాట మొదటే చెప్పి ఈ తతంగం తప్పించుకోవచ్చు. కాని తీర్పు చూపించి నోరు మూయించడం నాకు రుచించలేదు.

ఆ సాయంత్రమే, కిందటేడు తిరుపతి వెళ్ళినప్పుడు బిగించి, బద్ధకించి వదిలేసిన కప్పుమీది క్యారియరును ఇద్దరం విప్పి దింపాం. 70 దాటితే వినిపించే హోరు, ఇంజను శబ్దమని ఇన్నాళ్ళూ అనుకున్నది, దానితోపాటే పోయింది. రెక్క సంగతి వాడు మళ్ళీ ఎత్తలేదు, మానుకున్నానని కూడా అనలేదు. నేనూ అడగలేదు. మొన్న బీమా కాగితాలకోసం డాష్‌బోర్డు అర తెరిస్తే కొత్త నోటుపుస్తకం ఒకటి కనబడింది. మొదటి పేజీలో తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, ధర. పక్కన కుండలీకరణాల్లో "క్యారియరు లేదు".