కిటికీ గదియా, వసారా గదియా?

ఇల్లు కట్టుకొనువానికి కిటికీలెన్ని పెట్టవలెనను విచారము కలుగుట సహజము. రెండు మూడు రాత్రులు నిద్రించుటకై అద్దెకు దీసికొను గదిని గూర్చి యిరువది దినములు వాదులాడుట మాత్రము సహజమని మే మనలేము. అయినను మా యింట నట్లే జరిగినది. మేము వాదించిన విషయ మొకటి. తుదకు తేలిన విషయము వేఱొకటి. తేలిన దానివలన మాకు గలిగిన సిగ్గు ఇతరుల కుపయోగపడునేమోయని దానిని దాచక వ్రాయుచున్నాము.

మాది సంతబొమ్మాళి ప్రాంతము. ఒకవంక నౌపడ ఉప్పుమళ్లు, ఒకవంక భావనపాడు బెస్తవారి పడవలు, ఉత్తరముగా ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు. సముద్రపు హోరు వినక మేము నిద్రించిన రాత్రులు తక్కువ. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఆ తోటలను నేలగూల్చినప్పుడు ఆ సముద్రముయొక్క రెండవ ముఖమును గూడ చూచితిమి. అయినను ఒక్కమాట చెప్పవలెను. మా కుటుంబమున సముద్రమును చూడనివారు లేరు. సముద్రముపై కూర్చుండిన స్త్రీ మాత్ర మొక్కతెయు లేదు. పర్వదినములలో స్నానము చేసి, నెత్తిపై నీళ్లు చల్లుకొని, వెనుదిరిగి వచ్చుటతోనే వారికిని సముద్రమునకును గల చుట్టరికము ముగిసినది.

2022వ సంవత్సరము జూను మాసమున ‘ఎంప్రెస్’ అను విహారనౌక విశాఖపట్నమునకు వచ్చినది. అప్పటి కక్కడ ఇట్టి నౌకలకై ప్రత్యేకముగా కట్టిన ప్రయాణికుల భవనము లేదు. అది 2023 సెప్టెంబరులో ప్రారంభింపబడినది. విశాఖనుండి చెన్నపట్నమునకు ఆ యోడపై పోవచ్చునని తెలియగానే, డెబ్బదిరెండేండ్ల మా తల్లిగారి నొకసారి సముద్రముమీదికి గొనిపోవలెనని మాకు బుద్ధి పుట్టినది. మేము, మా గృహిణి, మా తల్లిగారు — మువ్వురము. ఇంతవరకు వివాదము లేదు. గదుల పట్టికను తెరచినది మొదలు వివాదము.

విహారనౌకలోని గదులు ముఖ్యముగా మూడు విధములు. ఓడ నడుమనుండు లోగదులు. వానికి వెలుపలి గోడయే లేదు. ఓడ ప్రక్కనుండు కిటికీ గదులు. వానికి గాజు బిగించిన కిటికీ యుండును, సముద్రము కనబడును గాని గాలి రాదు. మూడవవి బాల్కనీ గదులు. గాజుతలుపు తెరచిన నావల రెండు కుర్చీలు పట్టు చిన్న వసారా, దాని కడ్డముగా కటకట. ఇప్పటి పెద్ద నౌకలలో ఇట్టి వసారాలు వందల కొలది యున్నవి గాని, ‘ఎంప్రెస్’ 1990లో నిర్మింపబడినది గనుక దానిలో కొద్దిగానే కలవు. కొద్దిగా నున్నదానికి వెల హెచ్చుట లోకధర్మము గదా.

మా గృహిణి కిటికీ పక్షము. ఆమె మాట లూహలు గావు, లెక్కలు. “జూన్‌లో నైరుతి గాలి వీస్తుంది. దక్షిణంగా పోయే ఓడకు ఆ గాలి ఎదురు. వసారాలో అత్తయ్యగారు ఎంతసేపు కూర్చోగలరు? గాజుతలుపు తెరిచి ఉంచితే గది చల్లదనం పోతుంది. మూసి ఉంచితే అది కిటికీయే కదా. దానికి అంత డబ్బెందుకు?” అని యామె ప్రశ్న. అంతటితో నాగలేదు. బాల్కనీ గదులు సాధారణముగా పై యంతస్తులలో నుండును. ఓడ ఊగినప్పుడు పైనున్నవారికిని, ముందు వెనుకల చివర నున్నవారికిని ఊపు హెచ్చు. క్రిందుగా, నడుమగా నున్న గదిలో వాంతులు తక్కువ. కొన్ని గదుల ముందు ప్రాణరక్షక పడవలు వ్రేలాడుచు దృష్టి కడ్డమగును గనుక ఆ సంగతి ముందే యడిగి తెలిసికొనవలెను. దక్షిణముగా పోవు నోడలో ఎడమ ప్రక్క తూర్పు. సూర్యోదయము కావలసినవా రా ప్రక్క గదినే యడుగవలెను. ఇవన్నియు ఆమె చెప్పినవే. ఇందొక్కటియు కాదనుటకు మాకు వీలు చిక్కలేదు.

లెక్కలలో నోడినవాడు సిద్ధాంతములలోనికి పారిపోవును. మేమును అట్లే చేసితిమి. మన పాత యిండ్లలో వీధియరుగు పురుషులది. చుట్ట త్రాగుట, చదరంగము, వ్యాజ్యములు, ఊరి రాజకీయము అన్నియు అక్కడనే. స్త్రీలకు మిగిలినది కిటికీ. పెండ్లి యూరేగింపు పోయినను, రథము కదలినను, వారు కిటికీ చువ్వల సందునుండి చూడవలసినదే. “డెబ్బది రెండేండ్లు కిటికీలోనుండి లోకమును చూచిన మనిషిని మరల కిటికీ వెనుకనే కూర్చుండబెట్టుదుమా? జీవితమున నొక్కసారియైన ఆమె కొక యరుగు కావలదా?” యని మేము గొంతెత్తి యుపన్యసించితిమి. ఆ వాక్యము మాకే మిక్కిలి నచ్చినది. ఏదైన సభలో మరల నుపయోగింపవచ్చునని కూడ తోచినది.

ఈ యుపన్యాసము జరుగుచుండగా మా తల్లిగారు వాకిట చింతపండు ఈనెలు తీయుచున్నారు. ఇరువది దినములలో ఆమె అభిప్రాయమును మాలో నెవ్వరు నడుగలేదు. ఆమె పేరిట ఇరువురము వాదించుచున్నాము. ఆమెతో మాత్రము మాటలాడుటలేదు. ఆనాడు తానుగనే యడిగినారు:

“ఆ కిటికీ తెరుచుకుంటాదా బాబూ?”

“తెరుచుకోదమ్మా. నీళ్లు రాకుండా అద్దం బిగించేస్తారు.”

“తెరుచుకోనిది కిటికీ ఏటి? పటం. పోనీ, ఆ అరుగు తలుపు గడియ ఎవరి చేతిలో ఉంటాది?”

“గదిలో ఉన్నవాళ్ల చేతిలోనే.”

“అది బాగుంది. మరి మూడోది?”

“ఏ మూడోది?”

“మూడు రకాల గదులన్నావు కదా. రెంటి గురించే కొట్టుకుంటున్నారు.”

“దానికి కిటికీయే లేదమ్మా. అందులో మనమెందుకు ఉంటాం?”

“మనింట్లో ఉండడం లేదేటి? మీ అత్త ఏబైయారేళ్లనించి ఉంటోంది.”

చదువరులారా, మా చేతిలోని కాగితము జారిపోలేదు, మాకు మూర్ఛ రాలేదు. కాని ఆ పూట మేము మరి యేమియు మాటలాడలేదు.

మా మేనత్త 1947లో బుట్టినది. 1966లో, పందొమ్మిదవయేట, భర్తను గోల్పోయి పుట్టినిల్లు చేరినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. అప్పటి కెనుబదియైదేండ్లు గడచినను, ఆ వార్త మా యింటి గడప దాటి లోనికి రాలేదు. నడవకును వంటయింటికిని మధ్య ధాన్యపు బస్తాలు వేయు కొట్టుగది యొకటి కలదు. దాని నామెకు పడకగదిగా నిచ్చినారు. దానికి వెలుపలి గోడ లేదు. ఎవ్వరు నామెను తిట్టలేదు, కొట్టలేదు. అన్నము తక్కువ చేయలేదు. మా యందరి పురుళ్లకు, జ్వరములకు, వడియములకు, ఆవకాయకు ఆమెయే దిక్కు. బస్తాలు పోయి, మిద్దె వచ్చి, విద్యుద్దీపము వచ్చినను, ఆమె గది మాత్ర మదే. ఆమె యడుగలేదు గనుక మేము తలంపలేదు. స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి మేము వ్రాసిన వ్యాసములు కొన్ని ఆ గది గోడ కీవలనే వ్రాయబడినవి.

ఇప్పు డామెకు మూత్రపిండముల వ్యాధి తొలిమెట్టున నున్నది. కారణ మింతవరకు నిస్సందేహముగా తేలని ఆ వ్యాధి ఉద్దానపు పల్లెలలో నెన్ని యిండ్లను దీపములేనివానిగా చేసినదో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. రాబోవు సంవత్సరమున చూతములే యను మాట మా సీమలో చాల తేలికగా అనరాని మాట.

మా తల్లిగారి నిర్ణయము రెండు ముక్కలలో నున్నది. “నాకు అరుగొద్దు. ఆ డబ్బుతో వదిన్ని తీసుకురండి.” లెక్కచూడగా, బాల్కనీ గదికి మేము సిద్ధపరచిన సొమ్మునకు మరికొంత చేర్చినచో ఒక కిటికీ గదియు, ఒక లోగదియు వచ్చునట్లు తేలినది. కిటికీ గది వదినా మరదండ్రకు, లోగది మాకు. వైద్యుని సమ్మతి పొంది, ఉప్పు తగ్గించిన భోజనమునకై ముందుగా చెప్పుకొని, నౌపడలో రైలెక్కితిమి.

ఓడ కదలిన సాయంకాలము మా తల్లిగారు తన మామగారిని, అనగా మా తాతగారిని, తలంచుకొన్నారు. ఆయన 1930వ దశాబ్దమున కళింగపట్నపు రేవునుండి రంగూను వెళ్లి అచ్చట నొక బియ్యపుమిల్లులో పనిచేసినారు. ఆ దినములలో పొగయోడ దూరమున నిలిచెడిది. మేకులు లేక కొబ్బరిత్రాటితో పలకలను కుట్టిన మసూలా పడవలలో అలలు దాటి దానిని చేరవలెను. మనవారిలో నూటికి తొంబదిమంది డెక్కు ప్రయాణికులే. చాప పరచినంతమేర వారి గది, ఆకాశము పైకప్పు, వాన కురిసిన తడియుట. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిన పిమ్మట ప్రాణములతో మరలివచ్చినవారిలో ఆయన యొకరు. కిటికీయా వసారాయా యను ప్రశ్న ఆయన కెన్నడును కలుగలేదు. గదియే లేనివానికి ఆ చింత యెక్కడిది? ఆయన మనుమలమైన మేము ఇరువది దినములు వాదులాడితిమి.

మొదటి రాత్రి మా లోగదిలో దీప మార్పితిమి. చీకటి! కన్ను మూసినను తెరచినను ఒకటే. నడుమ మెలకువ వచ్చినది. తెల్లవారినదో, అర్ధరాత్రమో తెలియదు. గడియారము చూడకున్న కాలము లేదు. గాలికి కొదువ లేదు, పడకకు కొదువ లేదు, చల్లగా సుఖముగా నున్నది. అయినను గుండెమీద నేదో బరువు. అది రెండు రాత్రుల బరువని మాకు తెలియును. తలుపు తీసికొని పోవచ్చునని తెలియును. ఏబదియారేండ్లు దీనిలో మేల్కొనుట యెట్టిదని మొట్టమొదటిసారి మాకు తోచినది. ప్రక్కనున్న గృహిణి యట్లే తలంచుచున్నదని ఆమె నిట్టూర్పు చెప్పినది. ఒకరితో నొకరము పలుకలేదు.

తెల్లవారుజామున లేచి వారి గదికి పోతిమి. కిటికీ యొద్ద మా అత్త కూర్చుండి యున్నది. గాజుపై అరచేయి యానించి, “వెలుగు ఇలా వస్తాదన్నమాట” యన్నది. సూర్యోదయ మామె చూడనిదని కాదు. పనిలేక కూర్చుండి చూడనిది. పిదప గాలి కావలెనన్నది. ఇరువురను పై డెక్కుమీదికి గొనిపోతిమి. ఆ బయలు ఓడలోని వారందరిది. లోగదివానికిని, బాల్కనీ గదివానికిని అక్కడ కుర్చీ యొకటే. ఎదురుగాలికి చెంగులు తలలకు చుట్టుకొని వారిరువురును మధ్యాహ్నమువరకు కదలలేదు. ఏమి మాటలాడుకొనిరో మేము వినలేదు. నవ్వులు మాత్రము వినబడినవి. వారి కిటికీ గది పగలంతయు ఖాళీగా నుండినది.

కావున సముద్రయాన మపేక్షించువారికి మా యనుభవము చెప్పుచున్నాము. నడువగలవారికి, పది మందిలో కూర్చుండుట కిష్టపడువారికి కిటికీ గది చాలును. గాలికి పై డెక్కున్నది. మెట్లెక్కలేనివారికి, రోగులకు, పాలుత్రాగు బిడ్డగల తల్లులకు, ఏకాంతము కోరువారికి వసారా వ్యర్థాడంబరము కాదు. సొమ్మున్నచో తప్పక తీసికొనవలెను. లోగది తీసికొనువారు చిన్న దీపమొకటి వెలుగనిచ్చి నిద్రింపవలెను. అన్నిటికంటె ముందుగా, ఎవరికొఱకు తీసికొనుచున్నామో వారినే యడుగవలెను. ఈ చివరి సలహా యే పట్టికలోను మాకు కనబడలేదు.

2023వ సంవత్సరము ఏప్రిలులో మా మండలమునందే మూలపేటయొద్ద ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. ముందు ముందు మా యూరివారు విశాఖ పోకయే ఓడ యెక్కుదురేమో! అప్పటికి మా యత్త యుండునో లేదో చెప్పలేము. అందుచేత రేవుకొఱకు వేచియుండక మేము తాపీమేస్త్రీని పిలిపించితిమి.

కొట్టుగదికి వెలుపలి గోడ లేదు గనుక పై కప్పులో గాజుపలక వేయుదమని యతడు చెప్పినాడు. మేము సరేయనబోయి, నాలుక కఱచుకొని, మా యత్తనే యడుగుమంటిమి. ఆమె కొంతసే పాలోచించి, గాజుపలక వలదన్నది. వీధివైపున్న మా వ్రాతగది తన కిమ్మన్నది. మా పుస్తకముల బీరువాలకు వెలుతురుతో పనిలేదు గదా యనియు నన్నది.

ఇది మేమిప్పుడు కొట్టుగదిలో కూర్చుండి, దీపము వెలిగించుకొని వ్రాయుచున్నాము.