గరిక చదువు

ఇవాళ తీరిగ్గా గడ్డి గురించి మాట్లాడుకుందాం. గడ్డి గురించి మాట్లాడ్డానికి ఏముంది అంటారా? కాస్త ఓపిక పట్టండి. ఈ కబురు అమెరికా గోల్ఫ్ మైదానాల మీదుగా వెళ్లి మన సజ్జ చేలో తేలుతుంది.

అట్లాంటా దగ్గర కమ్మింగ్, ఆల్ఫారెట్టాల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు ఇంటి ముందు పచ్చికలో ఒక పోచ తుంచి చూసి, "ఇది గరికే కదరా! దీన్ని డబ్బు పోసి కొన్నారా?" అని అడుగుతారు. వాళ్ల కన్ను మోసపోలేదు. అక్కడివాళ్లు బెర్ముడా గడ్డి అనేదీ, వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికా ఒకే జాతి. కాకపోతే ఆ ఇళ్ల ముందు పరిచేది చాలావరకు మన గరికకూ, ఆఫ్రికాలో పెరిగే సన్నాకు గరికకూ పుట్టిన సంకరం. (చవితికి ఆ పచ్చికలోంచి కోసుకునేవాళ్లు కలుపు మందు కొట్టారేమో ముందు కనుక్కోండి.) ఆ సంకరాల్లో పేరున్న రకాలు పుట్టిన ఊరు అట్లాంటాకి దక్షిణంగా మూడు గంటల కారు ప్రయాణం. ఊరి పేరు టిఫ్టన్.

జార్జియా విశ్వవిద్యాలయం వారి వ్యవసాయ పరిశోధన కేంద్రం అక్కడ 1919 నుంచీ ఉంది. చుట్టూ పత్తి, వేరుశనగ పండే ఇసుక నేలలు. 1936లో గ్లెన్ బర్టన్ అనే కుర్ర శాస్త్రవేత్త అక్కడ ఉద్యోగంలో చేరాడు. 1910లో నెబ్రాస్కాలో పుట్టినవాడు, జీతం అమెరికా వ్యవసాయ శాఖది. ఆయన పని చెయ్యాల్సింది గడ్డి మీద. అక్కడి పత్తి రైతుకి గరికంటే ఎంత మంటో మన రైతుకి చెప్పక్కర్లేదు. పైన పాకే కాడలు, నేల లోపల పాకే కాడలు, రెండూ ఉన్న మొక్క అది. పీకితే తెగుతుంది, తెగిన ప్రతి కణుపూ మళ్లీ మొలుస్తుంది. బర్టన్ ఆ మొండితనాన్నే పనికి పెట్టాడు. పాత పత్తి చేలో దొరికిన ఒక గరికను దక్షిణాఫ్రికా గరికతో కలిపి, వేల మొలకల్లోంచి ఒకదాన్ని ఏరాడు. 1943లో 'కోస్టల్' పేరుతో విడుదలైన ఆ పశుగ్రాసం అమెరికా దక్షిణ రాష్ట్రాల పశువుల మేత తీరునే మార్చేసింది.

1946లో అమెరికా గోల్ఫ్ సంఘం సాయంతో టిఫ్టన్‌లో మైదానాల గడ్డి మీద పని మొదలైంది. మైదానం గడ్డికి కావాల్సినవి వేరు. అరచేయంత ఎత్తు పెరగనివ్వకుండా రోజూ కోసినా బతకాలి, బూట్ల కింద నలిగి మర్నాటికి లేవాలి, ఆకు సన్నగా, అల్లిక దట్టంగా ఉండాలి. బర్టన్ పాత గోల్ఫ్ మైదానాల్లో ఏళ్ల తరబడి తట్టుకుని నిలిచిన గరిక ముక్కల్ని తెప్పించాడు. షార్లెట్ నగరంలోని ఒక గోల్ఫ్ క్లబ్బులో దొరికిన గరికను ఆఫ్రికా గరికతో కలిపితే వచ్చిందే 1956 నాటి 'టిఫ్‌గ్రీన్'. 1954లో జొహాన్నెస్‌బర్గ్ నుంచి వచ్చిన విత్తనాల్లో దానంతట అదే సంకరమైన మొక్క ఒకటి కనబడింది. ఆయన దాన్ని పారెయ్యలేదు. 1960లో 'టిఫ్‌వే' పేరుతో బయటికొచ్చిన ఆ మొక్కే ఈనాటికీ ప్రపంచంలో ఎన్నో ఆట మైదానాల్లో, మనవాళ్ల ఇళ్ల ముందూ పరుచుకుని ఉంది.

ఇక్కడొక విశేషం చెప్పాలి. మామూలు గరిక కణంలో క్రోమోజోములు 36, ఆఫ్రికా దానిలో 18. వాటి బిడ్డకు 27 వస్తాయి. బేసి సంఖ్య కాబట్టి జతలు కుదరవు, మొలిచే గింజ కట్టదు. అందుకే టిఫ్‌వేని కాడల ముక్కలు నాటి పెంచాలి, లేదా చాపలా చుట్టిన గడ్డిని తెచ్చి పరచాలి. గింజ రాలి కల్తీ అయ్యే భయం లేదు. అరవై ఏళ్ల తర్వాత కూడా మైదానమంతా ఆ మొదటి మొక్కే.

టిఫ్టన్‌లో తర్వాతి తరం శాస్త్రవేత్తలకి నీళ్ల బెంగ పట్టుకుంది. 27,000కు పైగా మొక్కల్లోంచి వానకు అందని పందిళ్ల కింద ఎండగట్టి ఎండగట్టి ఏరిన రకం 'టిఫ్‌టఫ్'. టిఫ్‌వే కంటే అది 38 శాతం తక్కువ నీళ్లతో నిలిచిందని విశ్వవిద్యాలయం చెబుతోంది. దాని వెనక రెండు దశాబ్దాలకు పైబడిన పరీక్షలున్నాయి. ఒక గడ్డి పోచ కోసం అన్నేళ్లు ఆగే ఓపిక నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

ఆ విశ్వవిద్యాలయంలో గడ్డి చదువు టిఫ్టన్, గ్రిఫిన్, ఏథెన్స్ మూడు చోట్లా సాగుతుంది. మైదానాలు చూసుకునేవాళ్లు, గడ్డి పెంచి అమ్మే రైతులు వచ్చి నేర్చుకుంటారు. నేర్పేవి వినడానికి చిన్న విషయాలే. ఒక్క కోతలో పోచ ఎత్తులో మూడో వంతుకు మించి తియ్యకూడదు, తీస్తే వేరు బలహీనపడుతుంది. రోజూ పైపైన చిలకరించడం కంటే వారానికోసారో రెండుసార్లో లోతుగా తడపడం మేలు, నీళ్ల కోసం వేరు లోపలికి దిగుతుంది. తొక్కిడికి గట్టిపడిన నేలకి రంధ్రాలు వేస్తే గాలి ఆడుతుంది. గరికకు ఎండ కావాలి, చెట్టు నీడన పలచబడిపోతుంది. శీతాకాలంలో గోధుమరంగు తిరిగితే చచ్చిందని పీకెయ్యకండి, నిద్రపోతోంది. ఇంటి ముందు నాలుగు గజాల పచ్చిక ఉన్న ఎవరికైనా ఇవి పనికొస్తాయి.

సరే, మన సజ్జ సంగతికి వద్దాం. బర్టన్‌కి గరిక ఒక్కటే పంట కాదు. పశువుల మేతకని ఆయన సజ్జ మీద కూడా పనిచేశాడు. సజ్జ కంకిలో ఆడా మగా భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. పొలం నిండా సంకర విత్తనం కావాలంటే పుప్పొడిని ఎవరు ఏరెయ్యగలరు? పుప్పొడి పనిచెయ్యని సజ్జ రకాన్ని ఆయన టిఫ్టన్‌లో తయారుచేశాడు. దాని పేరు టిఫ్ట్ 23ఎ. దాన్ని మరో సజ్జ పక్కన నాటితే దాని కంకిలో కట్టిన ప్రతి గింజా సంకరమే. 1960ల తొలినాళ్లలో అది భారతదేశానికి చేరింది. లూథియానాలో డి.ఎస్. అత్వాల్ దాన్ని ఇక్కడి సజ్జతో కలిపి తెచ్చిన హెచ్‌బి-1 1965లో విడుదలైంది. పుప్పొడి పనిచెయ్యని తల్లితో మన దేశంలో వచ్చిన తొలి సంకర సజ్జ అదే. పాత రకాల కంటే దిగుబడి బాగా ఎక్కువ.

ఆ తర్వాత వెర్రి కంకి తెగులు ఆ తొలి సంకరాలను దెబ్బతీసింది. దేశమంతా ఒకే తల్లి మొక్క మీద ఆధారపడితే ఏమవుతుందో రైతులు నష్టపోయి తెలుసుకున్నారు. 1972లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి ఆ తెగులును తట్టుకునే సజ్జల మీద ఏళ్లపాటు పనిచేసింది. ఇవాళ రాయలసీమలోనో పాలమూరులోనో సజ్జ రొట్టె తినే ఇంటికి, ఆ గోల్ఫ్ గడ్డి పెంచిన మనిషికి ఇలా చుట్టరికం కలుస్తుంది. బర్టన్ 2005లో పోయాడు. సజ్జకీ గరికకీ ఆయన చేసిన పని ఒకటే. మొక్కను దగ్గరగా చూడడం, వేలల్లో ఒకదాన్ని ఏరడం, దాన్ని అడిగినవాళ్ల చేతికి ఇవ్వడం.

అందుకే గడ్డి మీద పరిశోధనంటే డబ్బున్నవాళ్ల సరదా అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. వరి, జొన్న, సజ్జ, రాగి, చెరకు అన్నీ గడ్డి కుటుంబమే. ఒకదాని మీద పట్టిన దృష్టి ఇంకోదానికి అన్నం పెడుతుంది. మన ఊళ్లలో బడి మైదానాలు చూడండి. ఎర్రటి మట్టి, గులకరాళ్లు, కబడ్డీ ఆడిన పిల్లల మోకాళ్ల నిండా గాట్లు. గరిక మన నేలలో మనం వేయకుండానే మొలుస్తుంది. దాన్ని మైదానానికి ఎలా మచ్చిక చెయ్యాలో, తక్కువ నీళ్లతో ఎలా నిలబెట్టాలో నేర్చిన యువకులు మండలానికి ఒక్కరున్నా ఆ మోకాళ్లు బాగుపడతాయి. మీ ఇంట్లో వ్యవసాయ డిగ్రీ చదివే పిల్లలుంటే ఈ మాట వాళ్ల చెవిన వెయ్యండి. గడ్డి చదువుతానని వాళ్లంటే నవ్వకండి, వెన్ను తట్టి పంపండి.