రెండెకరాలున్నోళ్లకు ఉచిత వకీలు ఇస్తరా?

కోర్టు గేటు దాటగానే జిరాక్సు దుకాణం, దాని పక్కన స్టాంపు పేపర్లమ్మే బల్ల, ఆ వెనక జిల్లా న్యాయసేవాధికార సంస్థ గది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక కోర్టు ఆవరణ ఇది. కేసుల్లో ఉన్నవాళ్ల బతుకులు ఇక్కడ బల్ల మీద పరిచి ఉంటాయి కాబట్టి ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. క్రిమినల్ కేసులో చిక్కుకుని వకీలును పెట్టుకోలేనివాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతాడని చాలామందికి తెలుసు. ఆ వకీలు ఎవరికి దక్కాలో ఎలా తేలుస్తారన్నది మాత్రం కోర్టు మెట్లెక్కినవాళ్లకు కూడా సరిగా తెలియదు. అది దగ్గరుండి చూద్దామనే వెళ్లాను.

గోడకు ఒక బోర్డు ఉంది. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987, సెక్షన్ 12. ఎస్సీ, ఎస్టీలు. మహిళలు, పిల్లలు. వికలాంగులు. మనుషుల అక్రమ రవాణాకు, వెట్టికి బలైనవాళ్లు. వరద, కరువు, భూకంపం, కులదాడి లాంటివాటిలో దెబ్బతిన్నవాళ్లు. పారిశ్రామిక కార్మికులు. కస్టడీలో ఉన్నవాళ్లు. వీళ్లెవరికీ ఆదాయంతో పని లేదు. ఈ వరుసలో దేనికిందికీ రానివాళ్లకే చివరి గీటురాయి: ఏడాది ఆదాయం ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపు ఉండాలి. చట్టం రాసిననాడు ఆ అంకె తొమ్మిది వేల రూపాయలు, దాన్ని పెంచుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. తెలంగాణలో ఇప్పుడది మూడు లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే.

నేను వెళ్లేసరికి బల్ల ముందు నలభై ఏళ్లు దాటిన రైతు కూర్చుని ఉన్నాడు. గట్టు పంచాయితీ. పక్క పొలమతన్ని గడ్డపారతో కొట్టాడని, చెయ్యి విరిగిందని కేసు. బెయిలు మీద బయట ఉన్నాడు. బెయిలుకు పెట్టుకున్న వకీలు నలభై వేలు తీసుకున్నాడట, విచారణకు మళ్లీ అంత అడుగుతున్నాడట. పారా లీగల్ వాలంటీరుగా పనిచేసే ఒక అక్క అతన్ని ఊళ్లో చూసి ఇక్కడికి తీసుకొచ్చింది. లోపలికి వచ్చీ రాగానే అతనడిగిన మాట ఇది:

“మేడం, నాకు రెండెకరాలున్నది. పొలమున్నోళ్లకు ఇయ్యరంటున్నరు, నిజమేనా?”

బల్లకవతల అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్. ముప్పై లోపే ఉంటుంది ఆమె వయసు. ఈ పద్ధతి 2022 స్కీముతో వచ్చింది. అంతకుముందు ప్యానెల్ లాయర్లలో ఒకరికి కేసు అప్పజెప్పేవారు, వాళ్లు తమ సొంత కేసులతో పాటు దాన్నీ చూసేవారు. ఇప్పుడు చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని మూడు అంచెల్లో పూర్తికాలం వకీళ్లున్నారు. నెలనెలా జీతం తీసుకుంటారు, బయటి కేసులు పట్టకూడదు. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్లు క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి.

“పొలం ఎంతున్నదని కాదన్నా, ఏడాదికి చేతికి ఎంతొస్తదో అది చెప్పు” అందామె. కులం బీసీ, కస్టడీలో లేడు, వికలాంగుడు కాదు. అంటే అతనికి మిగిలింది ఆదాయం గీటు ఒక్కటే. తెల్ల కాగితం తీసి లెక్క మొదలుపెట్టారు. బోరు కింద వరి, వానాకాలం, యాసంగి రెండు పంటలు. ఎకరానికి ఇరవై అయిదు క్వింటాళ్లు. రెండు కార్లకూ కలిపి వంద క్వింటాళ్లు. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అంటే రెండు లక్షల ముప్పై వేలు. పంట పనులు లేనప్పుడు వేరేవాళ్ల ట్రాక్టరు నడుపుతాడు, ఏడాది మీద సగటున నెలకు తొమ్మిది వేలు. మొత్తం మూడు లక్షల ముప్పై ఎనిమిది వేలు.

అతని మొహం చిన్నబోయింది. “అయితే రాదు గదా” అన్నాడు.

“దున్నకం, నాటు, మందు బస్తాలు, కోత మిషిన్ ఎవరు పెట్టిండ్రు? నువ్వే గదా?” అని ఆమె కాగితం కింది భాగంలో గీత గీసింది. ఎకరానికి కారుకు ఇరవై అయిదు వేల పెట్టుబడి. రెండెకరాలు, రెండు కార్లు, లక్ష. తీసేస్తే రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలు. పరిమితి లోపే.

ఈ కాగితం నన్ను బాగా పట్టుకుంది. అదే మనిషి, అదే పొలం, అదే కేసు. పెట్టుబడి తీసేస్తే అర్హుడు, తీయకపోతే కాడు. చట్టం ‘వార్షిక ఆదాయం’ అంటుందే గానీ రైతు ఆదాయాన్ని ఎలా కట్టాలో విడమర్చి చెప్పదు. ఆమె చేసిందే సరైన లెక్క అని నా నమ్మకం. అమ్మిన వడ్ల డబ్బులో ఎరువుల దుకాణం వాటా రైతు ఆదాయం ఎలా అవుతుంది? కానీ ఆ కుర్చీలో గీత గీయనివాళ్లు కూర్చుని ఉంటే ఈ మనిషి వకీలు లేకుండా బోనెక్కేవాడు. ఒక పెన్ను గీత మీద ఇంత ఆధారపడకూడదు. ఈ లెక్క రాతపూర్వకంగా అన్ని జిల్లాలకూ ఒకేలా ఉండాలి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న నేనే అడిగాను, రుజువేమిటని. ఆమె చట్టం పుస్తకం తెరిచి 13వ సెక్షన్ చూపించింది. ఆదాయం గురించి దరఖాస్తుదారు ఇచ్చే అఫిడవిట్‌నే చాలినదిగా తీసుకోవచ్చు, నమ్మకపోవడానికి కారణముంటే తప్ప. అంతే. తహసీల్దారు సర్టిఫికెట్ తప్పనిసరి అని అందులో లేదు. కానీ మరో జిల్లాలో ఏం జరుగుతుందో పక్కన కూర్చున్న వాలంటీరక్క చెప్పింది. అక్కడ దరఖాస్తు పెట్టినవాళ్లను ముందు మీసేవకు పొమ్మంటారట. ఆదాయ ధ్రువీకరణ పత్రం చేతికొచ్చేసరికి వాయిదా దాటిపోతుంది. వాయిదాకు రాకపోతే వారంటు. పేదవాడినని రుజువు చేసుకునే లోపు మనిషి జైలుకు పోవచ్చు. ఆ పని చేసేవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, దొంగ పేదలు వచ్చేస్తారన్న భయం ఉంది. ఆ భయాన్ని చట్టమే పక్కన పెట్టింది. అఫిడవిట్‌లో అబద్ధం రాసినవాణ్ణి తర్వాత పట్టుకోవడానికి దారులున్నాయి. వకీలు లేకుండా ముగిసిపోయిన సాక్షి విచారణను వెనక్కి తేవడం అంత తేలిక కాదు.

మధ్యాహ్నం మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాం. రిమాండుకు ఇద్దరు కుర్రాళ్లను తెచ్చారు, బైకు దొంగతనం. “వకీలున్నాడా?” అని మేజిస్ట్రేటు అడగ్గానే డిప్యూటీ కౌన్సిల్ లేచి నిలబడ్డారు. ఇక్కడ ఆదాయం మాటే రాలేదు. కస్టడీలో ఉండటమే అర్హత. ఈ ప్రశ్న మేజిస్ట్రేటు అడిగి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది భాగల్పూర్‌లో ఖైదీల కళ్లు పొడిచిన ఉదంతంలోని ఖత్రీ కేసులో. మొదటిసారి హాజరుపరిచినప్పుడే ఆ హక్కుందని నిందితుడికి చెప్పాలంది. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన సుఖ్‌దాస్ కేసులో, 1986లో, ఇంకో అడుగు వేసింది: నిందితుడు అడగలేదన్న సాకు చెల్లదు. వకీలు లేకుండా పడిన అతని శిక్షను కొట్టేసింది.

డబ్బున్నవాడు జైల్లో ఉంటే వాడికీ ఇస్తారా అని బయటికొచ్చాక డిప్యూటీని అడిగాను. “ఇస్తం. లోపలున్నోడు బ్యాంకుకు పోలేడు, మీసేవకు పోలేడు. డబ్బున్నోడు ఎట్లాగూ తన వకీలును తెచ్చుకుంటడు, మా కోసం ఆగడు” అన్నారాయన. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఇంత జనానికి ఒక్కొక్కరి ఆస్తిపాస్తులు తేల్చాకే వకీలు అంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. బెయిలు వస్తే కస్టడీ అర్హత పోతుంది కదా అంటే, “లోపలున్నప్పుడు పట్టిన కేసును మధ్యల ఇడిసిపెట్టం” అన్నారు. కానీ ఈ రైతులాగా ముందు సొంత వకీలుతో బెయిలు తెచ్చుకున్నవాడు కొత్తగా వచ్చి గీటు దాటాలి. అప్పోసప్పో చేసి బయటపడినందుకు అతని దారే కష్టమవుతోంది.

ఈ నేల మీద ఈ మాట రాసేటప్పుడు పాత కథ ఒకటి తలచుకోకుండా ఉండలేను. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో నల్లగొండ జిల్లాలో జరిగిన హత్యల కేసులను 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించి పలువురికి ఉరిశిక్షలు వేశాయి. వకీలును పెట్టుకునే అవకాశమే తమకు దక్కలేదన్నది నిందితుల ఫిర్యాదుల్లో ఒకటి. 1951లో సుప్రీంకోర్టు, జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ తీర్పులో, వకీలు లేనంత మాత్రాన ప్రతి మరణశిక్ష విచారణా చెల్లకుండా పోదంది. బ్రిటిష్ బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి వాళ్ల తరఫున వాదించారు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఏ అధికరణం రాజ్యాంగంలోకి రావడానికి 1976 దాకా పట్టింది. అది న్యాయమైన విచారణలో భాగమని, 21వ అధికరణంలోనే ఉందని హుస్సేనారా ఖాతూన్ కేసులో కోర్టు తేల్చింది 1979లో. ఇవాళ బైకు దొంగతనం కుర్రాడికి మొదటి రోజే వకీలు నిలబడుతున్నాడంటే మధ్యలో ఇంత దూరం నడిచారు.

సాయంత్రం బార్ క్యాంటీన్‌లో ఒక సీనియర్ వకీలు నాతో గట్టిగానే వాదించారు. మూడు లక్షల పరిమితి మరీ ఎక్కువట, ఆడవాళ్లకు ఆదాయం చూడకపోవడం మరీ అన్యాయమట. “కొడుకులకు హైదరాబాద్‌లో ఇండ్లున్న ముసలామె కోడలి కేసులో ఉచిత వకీలును తీసుకున్నది సార్. మా జూనియర్లు ఏం తినాలె?” అన్నారు. జూనియర్ల కష్టం నిజం. ఏళ్లతరబడి సీనియర్ వెంట తిరిగి చార్జీలకు కూడా రాని పిల్లలు ఆ క్యాంటీన్‌లోనే ఉన్నారు. కానీ ముసలామె విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేను. ఇండ్లు కొడుకుల పేర ఉన్నాయి. నిందితురాలు ఆమె. కొడుకులు వకీలు ఫీజు కట్టకపోతే ఆమె ఎవరినడగాలి? ఇంట్లో డబ్బుండటం వేరు, ఆ డబ్బు ఆడమనిషి చేతిలో ఉండటం వేరని ఈ చట్టం రాసినవాళ్లకు తెలుసు. అందుకే వాళ్లను గీటు నుంచి తప్పించారు.

మూడు లక్షల గురించి నాకున్న అసంతృప్తి వేరే. చిల్లర దొంగతనానికీ, ఏళ్లకేళ్లు సాగి పాతికమంది సాక్షులుండే హత్య కేసుకూ ఒకే కొలత. మూడున్నర లక్షలొచ్చే డ్రైవరు మొదటిదానికి వకీలును భరించగలడేమో, రెండోదానికి ఇల్లు అమ్ముకోవాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత దీనికి ఒక తలుపు తెరిచింది. పాత సీఆర్‌పీసీలోని 304 సెక్షన్ కింద కోర్టు వకీలును ఇచ్చి తీరాల్సింది సెషన్స్ విచారణలోనే. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త సంహిత 341 సెక్షన్ ఏ కోర్టులో విచారణకైనా, అప్పీలుకైనా దాన్ని విస్తరించింది. అందులో రూపాయల అంకె లేదు. నిందితుడికి స్తోమత చాలదని కోర్టుకు అనిపిస్తే చాలు. సంస్థ గది కాదన్నా కోర్టు హాలు ఔననవచ్చన్నమాట. ఈ కేసుకు ఎంత ఖర్చవుతుంది, ఈ మనిషి అంత మోయగలడా అని జడ్జి చూసే వీలు ఇక్కడే ఉంది. ట్రయల్ కోర్టులు దీన్ని ధారాళంగా వాడాలి. నిందితుడు అడిగేదాకా ఆగకూడదు.

గదికి తిరిగొచ్చేసరికి రైతు ఇంకా ఉన్నాడు. అఫిడవిట్ టైపయింది, సంతకం పెట్టాడు. సంస్థ కార్యదర్శి, ఆయన కూడా జడ్జే, చదివి మంజూరు చేశారు. కేసు ఆమెకే వచ్చింది.

“సాక్షులొచ్చే దినం మీరే వస్తరా మేడం, ఇంకెవరన్ననా?” అన్నాడతను.

“నేనే వస్త.” ఆమె చార్జిషీటు కాపీ తిప్పి రెండో సాక్షి వాంగ్మూలం దగ్గర ఆగింది. “ఇతను దూరం నుంచి చూసిన అంటున్నడు. హద్దురాయికి ఇటుపక్క ఉన్నడా, అటుపక్కనా? మధ్యల చెట్లేమన్న ఉన్నయా?”

అతను కుర్చీ ముందుకు జరుపుకుని, ఇందాక వడ్ల లెక్క వేసిన కాగితం వెనక్కి తిప్పి తన పొలం గీయడం మొదలుపెట్టాడు.