యార్కుటౌను కోటగట్టులు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, యార్కు నదియొడ్డున నున్న యార్కుటౌనను చిన్న యూరిని మేము చూచితిమి. 1781 అక్టోబరు 19వ తేదీన ఆంగ్ల సేనాని కారన్‌వాలీసు లొంగిపోయిన తావిదియే. తరువాత మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చినవాడాతడే.

పచ్చిక గప్పిన మట్టిగట్టులు నేటికిని గలవు. అక్టోబరు 14వ తేదీ రాత్రి తొమ్మిదవ గట్టును ఫ్రెంచివారును, పదవదానిని అమెరికనులును పట్టుకొనిరట. ఫ్రెంచివారికిచ్చట నేమి పని? తన ప్రజలకు నోరీయని రాజు పరుల స్వేచ్ఛకై సేన నంపుట వింత గాదా!

1763 సంధిలో కెనడా పోయిన పరాభవము పదునారవ లూయీ మంత్రియగు వెర్జెన్ మరువలేదు. 1758లో మన చందుర్తికడ వారు పొందిన యోటమియు నా వైరములోనిదే. శత్రువుయొక్క శత్రువు మిత్రుడను నీతి మన పెద్దలును చెప్పినదేగదా. అయినను వెర్జెన్ తొందరపడలేదు. తొలుత రహస్యముగా తుపాకులును మందుగుండును పంపించి, 1777లో సారటోగాకడ తిరుగుబాటుదారులు గెలిచిన పిమ్మటనే, 1778 ఫిబ్రవరి 6వ తేదీన బాహాటముగా సంధి కావించెను. ఓడువాని పక్షమున సొమ్మొడ్డువారెవరు?

యుద్ధానంతరము అమెరికనులు మరల ఆంగ్లేయులతోడనే వర్తకము సాగించిరి. ఫ్రాన్సునకు మిగిలినది అప్పు. అది తీర్చ దారిలేక 1789లో రాజు ప్రతినిధుల సభను పిలువవలసివచ్చెను. 1793లో నాతని తలయే పోయెను.

ఊరిచెంత ఫ్రెంచి సైనికుల సమాధులున్నవి. వారి పేర్లెవరికిని తెలియవు. మేమచ్చట కొంతసేపు నిలిచి, నదివైపు నడచితిమి.